టికెట్ టు రైడ్ ఇంట్లో సరిగా సాగడం లేదా? సమస్యలు - పరిష్కారాలు

ఆట ఎంతకీ తెమలడం లేదు

టికెట్ టు రైడ్ అంటే మ్యాప్ ఉన్న బోర్డు మీద ఆడే ఆట: రంగు ముక్కలు (కార్డులు) పోగేసి, ఊళ్ల మధ్య చిన్న ప్లాస్టిక్ బోగీలతో రైలు లైన్లు వేస్తూ, చేతిలో ఉన్న టికెట్ మీది రెండు ఊళ్లను కలపాలి. బోగీలు లెక్కపెట్టారా? మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌లో ఎవరు పిలిచినా నేను ముందు అడిగేది ఇదే. దాదాపు ఎవరూ లెక్కపెట్టి ఉండరు. మనిషికి 45 బోగీలు. డబ్బాలో రంగుకు 3 చొప్పున స్పేర్ ఉంటాయి, వాటినీ కలిపేస్తే 48 అవుతాయి. ఎవరి దగ్గరైనా రెండో అంతకన్నా తక్కువో మిగిలాక తలా ఒక ఆఖరి వంతుతో ఆట ముగియాలి. ఒకరికి 48, సోఫా కింద పోగొట్టుకున్న ఇంకొకరికి 43 ఉంటే ఆ ఆట ఎవరికీ న్యాయంగా ఉండదు. పదేసి చొప్పున పేర్చండి, రెండు నిమిషాల పని. దయచేసి ఇది మానకండి.

చేతినిండా ముక్కలే, లైన్లు మాత్రం పడటం లేదు

బల్ల మీద తెరిచి ఉన్న అయిదు ముక్కల్లోంచి ఇంజిన్ ముక్క (ఏ రంగుకైనా పనికొచ్చేది) తీసుకుంటే ఆ వంతు అక్కడితో సరి, రెండో ముక్క లేదు. మామూలు ముక్క తీశాక రెండోదిగా తెరిచిన ఇంజిన్ తీయడమూ కుదరదు. మూసిన కట్టలోంచి ఇంజిన్ వస్తే మాత్రం ఇంకోటి తీసుకోవచ్చు. పిల్లలు కదా అని ఇక్కడ వదిలేస్తే ఆట పాడవుతుంది.

అందరి టికెట్లూ పూర్తవుతున్నాయి, టెన్షనే లేదు

ఇదే అసలు దొంగ. దసరా సెలవుల్లో చుట్టాలొచ్చినప్పుడు అయిదుగురు కూర్చుని ఆట నేర్చుకుంటారు. వాళ్లు వెళ్లిపోయాక అమ్మా నాన్నా పాపా ముగ్గురే అదే పద్ధతిలో ఆడతారు. కానీ ఇద్దరో ముగ్గురో ఆడేటప్పుడు రూల్ వేరు. రెండు ఊళ్ల మధ్య పక్కపక్కనే రెండు లైన్లుంటే అది డబుల్ లైన్. డబుల్ లైన్‌లో ఒకటి ఎవరైనా వేశారంటే పక్కది అందరికీ మూతపడుతుంది. నలుగురు, అయిదుగురు ఉంటేనే రెండూ తెరిచి ఉంటాయి, అప్పుడు కూడా ఒకే మనిషి రెండూ వేయకూడదు.

ఇది పట్టుబడదు. బోర్డు మీద రెండు లైన్లూ అచ్చై కనిపిస్తుంటాయి, ఆట ఎక్కడా ఆగదు, లెక్క తప్పదు. చప్పగా ఉంటుంది, అంతే. డెన్వర్ - కాన్సాస్ సిటీ మధ్య చూడండి: నల్లది ఒకటి, నారింజది ఒకటి, నాలుగేసి బోగీలు. లాస్ ఏంజిలిస్ - న్యూయార్క్ టికెట్ 21 పాయింట్లది పట్టుకుని పాప నారింజ ముక్కలు కూడబెడుతోంది. నాన్న నల్లది వేశాడు. రూల్ ప్రకారం పాప దారి మూసుకుపోయింది. ఇప్పుడు గులాబీ ముక్కలతో ఒమాహా మీదుగా వెళ్లాలా, ఎర్రవి పోగేసి ఓక్లహోమా సిటీ వైపు తిరగాలా? ఈ ఆలోచన కోసమే ఈ ఆట. రెండూ తెరిచి పెడితే పాప తన నారింజది తను వేసేసుకుంటుంది, ఒకరితో ఒకరికి పనే ఉండదు. 2004లో జర్మనీలో ఆ ఏటి మేటి ఆటగా బహుమతి గెలిచిన దాన్ని పట్టుకుని "బోర్" అని అటక మీద పెట్టేస్తున్నారు. కొందరు యూరప్ మ్యాప్ కొంటారు. అక్కడా ఇదే రూల్, కాబట్టి అదే చప్పదనం.

గుర్తుంచుకుంటాం అనుకోవద్దు, ఆట వేడిలో మరిచిపోతారు. లైన్ వేసిన మనిషే ఆ చేత్తోనే పక్క లైన్ మీద చింతపిక్క పెట్టాలి. అష్టాచెమ్మా పిక్కలు ఎలాగూ ఇంట్లో ఉంటాయి. పిక్క ఉందంటే అది మూతపడ్డట్టే, వాదన లేదు.

పాయింట్లు తేడా వస్తున్నాయి

బోర్డు మీద పాయింట్లు చూపే గుర్తు బిళ్లకు చెయ్యి తగిలి జరిగి ఉంటుంది. చివర్లో బోర్డు చూసి మళ్లీ కూడండి: ఒకటి నుంచి ఆరు బోగీల లైన్లకు వరసగా 1, 2, 4, 7, 10, 15. పూర్తికాని టికెట్ల పాయింట్లు తీసేయాలి, అన్నిటికన్నా పొడవైన దారికి 10 కలపాలి.

మిగతావి

ఊరు దొరక్కపోతే టికెట్ మీదున్న చిన్న మ్యాప్ చూడండి. ఫ్యాన్ గాలికి ముక్కలు ఎగిరితే స్పీడు తగ్గించండి. ఆరేళ్ల పిల్లలు ఏడుస్తుంటే వాళ్లకు ఇదే ఆటకు పిల్లల కోసం చేసిన ఫస్ట్ జర్నీ సరిపోతుంది, అందులో ఆరు టికెట్లు ముందు పూర్తిచేసినవాళ్లే గెలుస్తారు. 110 ముక్కల్లో ఒకటీ అరా పోయాయని మాత్రం కొత్త డబ్బా కొనకండి.