దవడ విరిగితే: పరీక్ష, చికిత్స, కోడింగ్

ఆనందపురం రోడ్డులోనో గాజువాకలోనో బైకు మీంచి పడి, గడ్డం చీరుకుపోయి వచ్చినవాళ్లకి కుట్లు వేసి ఇంటికి పంపేయకండి. కింది దవడ రెండు చెవుల ముందూ పుర్రెకి కీలుతో కలిసే ఎముక. దెబ్బ గడ్డానికి తగిలినా విరిగేది చెవి ముందున్న కాండైల్ (కీలులో కదిలే దవడ కొన) కావచ్చు. ఒక విరుపు దొరికిందంటే రెండోది వెతకాల్సిందే.

ముందు ఊపిరి సంగతి. గడ్డానికి రెండు పక్కలా విరిగితే నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడుతుంది. మెడకి దెబ్బ లేదని తేలాక కూర్చోబెట్టి ముందుకి వంచాలి. గడ్డాన్ని వెనక్కి లాగే కట్టు కట్టకూడదు. పళ్లు లెక్కపెట్టి, తక్కువైతే ఊడిన పన్ను ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో చూడటానికి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి.

తర్వాత "పళ్లు ఎప్పటిలాగే కలుస్తున్నాయా?" అని అడగండి. లేదంటే అనుమానం బలపడినట్టే. కింది పెదవి తిమ్మిరి, నాలుక కింద రక్తం కమలడం, పళ్ల వరసలో మెట్టు కూడా చూడాలి. నోరు తెరిచినప్పుడు గడ్డం విరిగిన కాండైల్ వైపుకి పోతుంది. ఓపీజీ (దవడంతా ఒకే ఫిల్ములో చూపే ఎక్స్‌రే) ఒక్కటే చాలదు, గడ్డం మధ్యభాగం వెన్నుపూస నీడలో మసకబారుతుంది. పీఏ వ్యూ (వెనక నుంచి ముందుకి తీసే ఎక్స్‌రే) గానీ సీటీ స్కాన్ గానీ జత చేయాలి. ప్రమాదం, కొట్లాట కేసులు ఎంఎల్‌సీ (పోలీసులకి తెలిపే మెడికో-లీగల్ కేసు) చేయాలి. ఎముక విరగడం చట్టంలో తీవ్ర గాయం.

చికిత్సలో మొదట పళ్ల కలయిక సరిచేయాలి, విరిగిన ఎముకని బిగించే ప్లేటు ఆ తర్వాతే. వంకరగా కలిసిన పళ్ల మీద 2.0 మిల్లీమీటర్ల మినీప్లేటు ఎంత బాగా బిగించినా వంకర అలాగే ఉండిపోతుంది. పై పళ్లూ కింది పళ్లూ కలిపి కట్టేసి మాన్పాలంటే ఆర్చ్ బార్ (పళ్ల వరసకి కట్టే లోహపు పట్టీ), 26 గేజి తీగతో పెద్దలకి 4 నుంచి 6 వారాలు. కాండైల్‌కి అంతకాలం వద్దు, సుమారు 2 వారాలకే కదలించాలి, లేకపోతే కీలు బిగుసుకుపోతుంది. పిల్లల్లో ఆ భయం మరీ ఎక్కువ. వాంతి వస్తే తీగలు వెంటనే కత్తిరించాలి కాబట్టి, కట్టర్ మంచం పక్కనే ఉండాలి. ఎక్కడ కత్తిరించాలో ఇంట్లోవాళ్లకి చూపించే పంపాలి. తిండికి పల్చటి రాగి జావ, వడగట్టిన పప్పుకట్టు.

ఇక కోడ్, అంటే రికార్డుల్లో, బిల్లుల్లో జబ్బుకీ చికిత్సకీ రాసే గుర్తు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10లో కింది దవడ విరుపుకి ఎస్02.6 చాలు. విశాఖలో కూర్చుని అమెరికా రోగుల ఛార్టులకి కోడ్ వేసే కోడర్లకి మాత్రం, అక్కడి ఐసీడీ-10-సీఎం ప్రకారం భాగం, పక్క, చర్మమో చిగురో చీలి ఎముక బయటపడిందా (అయితే ఓపెన్, కాకపోతే క్లోజ్డ్) అన్నవన్నీ కావాలి. గడ్డం మధ్య ఓపెన్ విరుపుకి ఎస్02.66ఎక్స్‌బి, దాంతోపాటు ఎడమ సబ్‌కాండైల్ (కాండైల్‌కి కిందిభాగం) క్లోజ్డ్ విరుపుకి ఎస్02.622ఎ, రెండూ విడివిడిగా రాయాలి. పళ్లున్న భాగంలో విరుపు నోటిలోకి తెరుచుకునే ఉంటుందని సర్జన్లు అనుకుంటారు. నోట్స్‌లో ఆ మాట లేకపోతే కోడర్‌కి అది క్లోజ్డే, అనుమానముంటే డాక్టరుకి క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) పంపాలి. రోగి రెండోసారి వచ్చాడని కోడ్ చివర 'డి' (చికిత్స అయి మానుతున్న దశ) వేసేయకండి. ఆపరేషన్ ఆ రోజే జరుగుతుంటే అది ఇంకా క్రియాశీల చికిత్సే, 'ఎ' (క్లోజ్డ్) లేదా 'బి' (ఓపెన్) ఉండాలి. ఎముక అతకలేదని డాక్టరు రాస్తే 'కె'. ఇక చికిత్సకి అమెరికా కోడ్ల జాబితా సీపీటీ: కోసి సరిచేసి పళ్లు కూడా కట్టేస్తే 21462, కోసినా పళ్లు కట్టకపోతే 21461, కోయకుండా పళ్లు కట్టడమే అయితే 21453.