పాత స్పేస్ స్టేషన్‌లో అలారం మోగితే ఏం చేయాలి

మనం ఎలాగూ పోయేది లేదు గానీ, ఒకవేళ పోతే పనికొస్తుందని రాస్తున్నా. ఎక్కువ భాగం 1997లో రష్యా వాళ్ల మీర్ స్టేషన్‌లో ఉన్నవాళ్లు ప్రాణాల మీదకి తెచ్చుకుని నేర్చుకున్నవే. అన్నట్టు రష్యన్ కాస్త నేర్చుకోండి, అలారం మోగాక డిక్షనరీ తీయలేం.

లోపలికి వెళ్లగానే సోయుజ్ (తిరిగి భూమికి తెచ్చే ముగ్గురు పట్టే షిప్) ఎక్కడుందో, దానికి దారేంటో చూసుకోండి, చీకట్లో తడుముకుంటూ అయినా వెళ్లగలగాలి. ఆ ఫిబ్రవరిలో మీర్‌లోని క్వాంట్-1 అనే మాడ్యూల్‌లో ఆక్సిజన్ క్యాండిల్ (మండించి ఆక్సిజన్ పుట్టించే డబ్బా) భగ్గుమంది, లోపల ఆరుగురు, సోయుజ్‌లు రెండు, అందులో ఒకదానికి దారి మంటకి అవతల, అంటే సగం మందికి బండి లేనట్టే కదా.

పొగ కనిపిస్తే ముందు మాస్కు, తర్వాతే మంట. ఎక్స్‌టింగ్విషర్లు గోడ నుంచి ఊడి వస్తాయో లేదో మొదటిరోజే చూసుకోండి, అక్కడ కొన్ని బిగుసుకుపోయి రాలేదు. ఇంకోటి, అది నొక్కితే మీరే వెనక్కి కొట్టుకుపోతారు, అందుకే కమాండర్ కోర్జున్ మంట ఆర్పుతుంటే అమెరికన్ ఆస్ట్రోనాట్ లినెంజర్ ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

గాలి లీకైతే చెవులే ముందు చెప్తాయి. జూన్ 25న ప్రోగ్రెస్ కార్గో షిప్ వచ్చి స్పెక్టర్ మాడ్యూల్‌ని గుద్దింది, తలుపు వేసేద్దామంటే హ్యాచ్ (మాడ్యూళ్ల మధ్య ద్వారం) మధ్యలోంచి కరెంటు కేబుళ్లు! రష్యన్ కాస్మొనాట్ లజుత్కిన్ ఊడి వచ్చినవి పీకేసి, రానివి కత్తితో కోసేశాడు. లోపలి తలుపు లాగితే రాలేదు, అప్పుడు ఇవతల వైపు నుంచి మూత పెడితే బయటికి పోయే గాలే దాన్ని గట్టిగా అదిమేసింది. కాబట్టి హ్యాచ్‌లోంచి వైర్లు వేయొద్దు, తప్పక వేస్తే చేత్తో ఊడేలా వేయండి, మూత పక్కనే పెట్టుకోండి. (అక్కడున్న నాసా ఆస్ట్రోనాట్ ఫోల్ సామాన్లు ఆ మూత అవతలే ఉండిపోయాయి పాపం.)

కేబుళ్లతో పాటు కరెంటూ పోయింది, స్టేషన్ తిరగడం మొదలైంది. ఫోల్ కిటికీ దగ్గర బొటనవేలు చాచి పెట్టి, నక్షత్రాలు ఎంత స్పీడుగా కదులుతున్నాయో లెక్కేసి చెప్పాడు, దాన్నిబట్టి సోయుజ్ ఇంజిన్లతో స్టేషన్‌ని సోలార్ ప్యానెళ్లకి ఎండ తగిలేలా తిప్పారు.

చిన్న లీకు ఎక్కడుందో తెలీకపోతే టీ ప్యాకెట్ చింపండి, జోక్ కాదు, 2020లో ఐఎస్ఎస్‌లో (ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్) రష్యన్ కాస్మొనాట్ ఇవానిషిన్ వాళ్లు చేసిందే. టీ ఆకులు గాల్లో వదిలి, కెమెరాలు ఆన్ చేసి, హ్యాచ్ మూసేసి బయటికి వచ్చేయండి. తర్వాత వీడియోలో ఆకులు ఎటు పోతున్నాయో అక్కడే పగులు.