వాకింగ్ మానకుండా ఉండటానికి నేను చేసింది

ఆఫీసు నుంచి వచ్చాక వాకింగ్ అనుకుంటే అది జరిగే పని కాదు. అసలే ఆకలి, పైగా దారిలోనే మిరపకాయ బజ్జీల బండి. అందుకే ఇప్పుడు బస్సెక్కే ముందే గుప్పెడు వేయించిన శనగలు పొట్టుతో సహా నమిలేస్తాను. కడుపులో కాస్త పడితే బండి వాసన అంతగా లాగదు.

నడకను పొద్దుటికి మార్చి, పక్కింటి బాబాయిగారితో జత కట్టాను. ఆయన గేటు దగ్గర నిలబడి "ఏమ్మా, లేచావా?" అని కేకేస్తే వీధంతా వింటుంది, ఇక ముసుగు తన్ని పడుకోవడం కుదరదు! పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటి వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. ఆదివారం బిర్యానీ మాత్రం మానలేదు, మానను కూడా.

బరువు చూసే మిషన్ అటకెక్కించాను. రోజూ ఆ అంకె చూస్తే నీరసమే. నెలకోసారి టేపుతో నడుము కొలుచుకుంటున్నాను.