హైదరాబాద్ నుంచి డాలస్: విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కేయడం ఎలా?

గోడ మీది మ్యాపులో స్కేలు పెట్టి కొలవకండి, తప్పు వస్తుంది. గ్లోబు ఉంటే దారం చాలు. 30 సెం.మీ. వ్యాసం ఉన్న గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే సుమారు 425 కి.మీ. హైదరాబాద్ నుంచి డాలస్‌కి దారం బిగించి లాగితే అది ఉత్తర ధ్రువం పక్కనుంచి వెళ్తుంది, పొడవు 34 సెం.మీ. దాకా వస్తుంది.

కచ్చితంగా కావాలంటే సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ తీయండి.

1. అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి. శంషాబాద్: 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. డాలస్ ఫోర్ట్‌వర్త్: 32.90 ఉత్తరం, 97.04 పశ్చిమం.

2. ఒకటి తూర్పు, ఒకటి పశ్చిమం కాబట్టి రేఖాంశాలను కూడాలి: 175.47. చాలామంది ఇక్కడే తీసివేసి దెబ్బతింటారు. మొత్తం 180 దాటితే 360లోంచి తీసేయండి.

3. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. వాటి కాస్‌లను గుణించి, దాన్ని 175.47 కాస్‌తో మళ్లీ గుణించండి. రెండూ కలిపితే మైనస్ 0.638. దీని విలోమ కాస్ (క్యాలిక్యులేటర్‌లో cos⁻¹) 129.7 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున సుమారు 14,420 కి.మీ. జవాబు పొంతన లేకుండా వస్తే క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో ఉందేమో చూడండి.

ఇది నేరు దూరం. దుబాయ్ మీదుగా వెళ్తే ఇదే లెక్కలో 2,550, 12,920 కలిపి 15,470 కి.మీ. అవుతుంది. అంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా చుట్టు.

4. సమయానికి గంటకు 870 కి.మీ. వేసుకుని, ప్రతి విమానానికీ అరగంట కలపండి. విమానం రన్‌వే దాకా మెల్లగా కదలడం, పైకి లేవడం, కిందికి దిగడం అందులోకి వస్తాయి. దుబాయ్–డాలస్‌కి 15 గంటల 20 నిమిషాలు తేలుతుంది. ఎదురుగాలి, మూసేసిన గగనతలాల చుట్టుదారి కలిస్తే 16 గంటలు పట్టొచ్చు. తిరుగు ప్రయాణంలో తోడుగాలి ఉంటుంది కాబట్టి కాస్త తగ్గుతుంది.

5. టికెట్‌పై ఉండేవన్నీ స్థానిక సమయాలే. ఉదయం 4:20కి శంషాబాద్‌లో ఎక్కి, అదే రోజు సాయంత్రం 4:30కి డాలస్‌లో దిగుతారనుకుందాం. గడియారం తేడా 12 గంటల 10 నిమిషాలు. వేసవిలో మన గడియారం డాలస్ కంటే 10 గంటల 30 నిమిషాలు ముందుంటుంది, దాన్ని కలిపితే అసలు ప్రయాణం 22 గంటల 40 నిమిషాలు. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా కలపాల్సింది 11 గంటల 30 నిమిషాలు, అక్కడ గడియారాలు మారుస్తారు, మనం మార్చం.

వచ్చేటప్పుడు ప్రయాణ సమయం కావాలంటే గడియారం తేడాలోంచి ఈ గంటలను తీసేయాలి, ఇక్కడ దిగే సమయం కావాలంటే కలపాలి. సోమవారం సాయంత్రం 6కి డాలస్‌లో బయల్దేరి 22 గంటలు ప్రయాణిస్తే, వేసవిలో ఇక్కడ దిగేది బుధవారం తెల్లవారుజామున 2:30కి. టికెట్‌పై సమయం పక్కన +2 అని చిన్నగా ఉంటుంది. అది చూడకపోతే తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లు ఒక రోజు ముందే శంషాబాద్‌లో నిలబడతారు.