వానలకు ముందు రైఫిల్ మ్యాగజైన్ క్యాచ్ విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆయుధం తుడుస్తుండగా తూటా పేలి సెక్యూరిటీ గార్డు గాయపడ్డాడన్న వార్త ఈ మధ్య మళ్లీ చదవవలసి వచ్చింది. ఇలాంటి వార్తల్లో ‘ప్రమాదవశాత్తూ పేలింది’ అన్న ముక్క తప్ప ఎందుకు పేలిందో సాధారణంగా ఉండదు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో బ్యాంకుల దగ్గర, నగదు వ్యాన్లలో .315 రైఫిల్‌తో కాపలా కాసేవారు అక్టోబరులో ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకోకముందే చూసుకోవలసిన చిన్న మర (స్క్రూ) ఒకటి ఉంది. తుపాకీని మనుషుల వైపు పెట్టకూడదని, పిల్లలకు అందనివ్వకూడదని లైసెన్సు ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు కనుక వాటి జోలికి పోవడం లేదు.

.315 స్పోర్టింగ్ రైఫిల్, బ్రిటిష్ సైన్యం వాడిన పాత లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పద్ధతిలో తయారైనది. మ్యాగజైన్‌ను, అంటే తూటాలు నింపే పెట్టెను, పట్టి ఉంచే క్యాచ్ ట్రిగ్గర్‌కు ముందు ఉంటుంది. అది ఒక మర ఇరుసుగా కదులుతుంది, దాన్ని స్ప్రింగు నెట్టి ఉంచుతుంది. గుంటల రోడ్ల మీద వ్యాన్ కుదుపులకు, పేల్చినప్పుడు వచ్చే తాకిడికి ఆ మర కొద్దికొద్దిగా వెనక్కి తిరుగుతుంది. తుప్పు భయంతో నూనె ధారాళంగా పోసేవారి తుపాకుల్లో మర చుట్లు జారుడుగా మారి అది మరింత సులువుగా వదులవుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలోనైతే క్యాచ్ కొన దగ్గర తుప్పు పొట్టు చేరడం వల్ల, మర బిగువుగానే ఉన్నా మ్యాగజైన్ పూర్తిగా కూర్చోదు. ఎన్నికల కోడ్ సమయంలో డిపాజిట్ చేసి నెలల తర్వాత తెచ్చుకున్న తుపాకీలోనూ ఈ రెండూ చూడాలి.

అయితే మర వదులు కావడం ఒక్కటే ప్రాణం తీయదు. వదులైన క్యాచ్ నుంచి మ్యాగజైన్ జారి కింద పడుతుంది, చేతిలో ఉన్నవాడు ‘తుపాకీ ఖాళీ అయింది’ అనుకుంటాడు. నేను చూసినంతలో మనుషులను ముంచిన పొరపాటు ఇదే. మ్యాగజైన్ ఊడినంత మాత్రాన ఛాంబర్‌లోకి (గొట్టం వెనుక కొసన తూటా కూర్చునే చోటు) అప్పటికే ఎక్కిన తూటా బయటికి రాదు, అది అక్కడే ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. గిద్దలూరు, కంభం వైపు నుంచి సైన్యంలో చేసి వచ్చి గార్డులైనవారికి ఈ సంగతి తెలియదని కాదు. ఏళ్ల తరబడి చేసిన పనే గదా అన్న ధీమా వల్ల వారిలోనే కొందరు ఛాంబర్ చూడడం మానేస్తారు.

అందువల్ల మరను ముట్టుకొనే ముందు మొదట మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాలి, ఆ తర్వాతే బోల్టు (పిడి పట్టి వెనక్కి ముందుకు కదిపితే ఛాంబర్‌ను తెరిచి మూసే కడ్డీ) తెరవాలి. ఈ వరుస తారుమారైతే, తెరిచిన బోల్టును మళ్లీ మూసినప్పుడు మ్యాగజైన్‌లోని పై తూటా ఛాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. బోల్టు తెరిచాక కంటితో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడాలి, ఎందుకంటే చీకటి గదిలో కన్ను మోసపోతుంది.

మర తలలోని గాడికి సరిగ్గా నిండే మొనగల స్క్రూడ్రైవర్ వాడాలి. సన్నని మొన గాడి అంచులను తినేస్తుంది, అలా పాడైన మరను తర్వాత బిగించడం కష్టం. బిగువు ఎంత ఉండాలంటే, క్యాచ్ నొక్కి వదిలితే అది వెంటనే తనంతట తాను వెనక్కి రావాలి. అతిగా బిగిస్తే క్యాచ్ బిర్రుగా పట్టేసి సగంలోనే ఆగిపోతుంది. మర పదేపదే వదులవుతుంటే చుట్లలోని నూనె పూర్తిగా తుడిచి, మరలు వదులు కాకుండా పట్టి ఉంచే లాకింగ్ జిగురు నీలం రంగుది ఒక్క చుక్క వేసి, ఇరుసు భాగానికి పాకకుండా చూసి, ఒక రోజంతా ఆరనివ్వాలి. ఎరుపు రంగుది వేడి చేస్తే తప్ప వదలదు కనుక ఇక్కడ పనికిరాదు. బిగించాక మర తల మీదుగా పక్క లోహం మీదికి గోళ్ల రంగుతో సన్నని గీత గీసుకుంటే, ఆ గీత రెండు ముక్కలుగా పక్కకు జరిగిన రోజున మర తిరిగిందని తెలుస్తుంది. ఖర్చు లేని ఈ పనిని చాలామంది చేయరు.

డ్యూటీ ఎక్కే ముందు గీత చూడండి. మ్యాగజైన్ పెట్టాక కిందికి లాగి చూడండి. కొద్దిపాటి కదలిక ఉంటుంది, ఊడి రాకూడదు. ఈ పరీక్ష ఖాళీ మ్యాగజైన్‌తోనే చేయండి. తూటాలు వేరే గదిలో ఉంచండి. గొట్టం ఇసుక బస్తా వైపు ఉండాలి, సిమెంటు నేల వైపు వద్దు. వేలు ట్రిగ్గర్ దరిదాపులకు రాకూడదు. అరిగిన క్యాచ్‌ను ఆకురాయితో రాయవద్దు. చచ్చుబడిన స్ప్రింగును సాగదీసి మళ్లీ వేయవద్దు. క్యాచ్‌కు రబ్బరు బ్యాండు, టేపు చుట్టి డ్యూటీ చేయవద్దు. లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలో తప్ప ఎక్కడా మరమ్మతు చేయించవద్దు. డ్యూటీలో మ్యాగజైన్ జారిపడితే వంగి దాన్ని అందుకోవద్దు. ముందు గొట్టం దిశ చూసుకోండి, బోల్టు తెరవండి, ఛాంబర్ చూడండి, వేలితో తడమండి, ఆ తర్వాతే కింద పడినదాన్ని తీయండి.