సెలవు చీటీలో ‘జ్వరం’ అని రాయనక్కరలేని ఆఫీసు: బృందాన్ని నడిపేవారు చేయవలసిన పనులు

నేను పనిచేసిన ఒక సంస్థలో, నా బృందంలోని ఒక ఉద్యోగి ఏడాదిలో ఐదుసార్లు వైరల్ జ్వరమని సెలవు పెట్టారు. ఐదోసారి ఆయన తిరిగి వచ్చిన రోజున, ఇన్ని జ్వరాలు మీకొక్కరికే ఎందుకు వస్తున్నాయని నేను నలుగురి ముందూ అడిగాను. అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వారు. నాలుగు నెలల తరువాత రాజీనామా ఇచ్చి వెళ్తూ, అది జ్వరం కాదని, డిప్రెషన్‌కు మందులు వాడుతున్నానని, ఆ మాట కాగితం మీద పెడితే ఊళ్లో చెల్లెలికి చూస్తున్న సంబంధం దాకా పోతుందని భయపడ్డానని చెప్పారు. ఆ ఆఫీసులో సగంమంది ఒకరి సిఫారసుతో మరొకరు చేరినవారు, చుట్టుపక్కల మండలాలవారు. కాబట్టి ఆ భయానికి కారణం ఉంది. ఆయన్ను మాట్లాడనివ్వకుండా చేసినవారిలో నేనూ ఉన్నాననే బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఆ తరువాత నేర్చుకున్నవాటిని, ముప్పై నలభై మందిని చూసుకుంటూ, ప్రత్యేకంగా కౌన్సెలరు గానీ పెద్ద హెచ్‌ఆర్ విభాగం గానీ లేని చోట పనిచేసే మేనేజర్లు, సూపర్‌వైజర్ల కోసం రాస్తున్నాను.

మాటల దగ్గర మొదలుపెట్టండి

హైదరాబాద్‌లో ఎవరి ప్రవర్తన కాస్త వింతగా కనిపించినా ‘ఎర్రగడ్డకు పంపాలి’ అనడం అలవాటు. విశాఖ వైపు ఆ స్థానంలో అక్కడి మానసిక వైద్యశాల వినిపిస్తుంది. వేలమందికి వైద్యం అందించిన మానసిక వైద్యశాల ఉన్న పేట పేరే తిట్టుగా మారిపోయింది. మెట్రోలో ఎర్రగడ్డ స్టేషను పక్కదే ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా పథకం, హాస్పిటల్ స్టేషను. నిన్న ఈఎస్ఐకి వెళ్లివచ్చానని ఎవరైనా నిస్సంకోచంగా చెబుతారు, ఒక్క స్టేషను ముందు దిగినవారు మాత్రం చెప్పలేరు. మనం తొలగించవలసింది ఈ తేడానే.

అందుకు మొదటి పని, బృందంలో పెద్దగా ఉన్నవారు తమ నోటి నుంచి ‘పిచ్చి’, ‘మెంటల్’, ‘సైకో’ అనే మాటలు రాకుండా చూసుకోవడం. పని ఆలస్యమైనప్పుడు, క్లయింటు విసిగించినప్పుడు, తెలియకుండానే వచ్చే మాటలివి. ఎవరో ఒకరు మీటింగులో అలా అన్నప్పుడు అక్కడికక్కడే మందలిస్తే అది క్రమశిక్షణ వ్యవహారమవుతుందే తప్ప అవగాహన కాదు. మీటింగు అయ్యాక విడిగా పిలిచి, “మన ఇరవైమందిలో ఎవరింట్లో ఎవరు మందులు వాడుతున్నారో మనకు తెలియదు కదండీ, ఆ మాట వారికి గుచ్చుకుంటుంది” అని చెబితే చాలావరకు అర్థం చేసుకుంటారు. బల్ల శుభ్రంగా ఉంచుకునేవారిని ‘ఓసీడీ’ అనడం, మాట మార్చేవారిని ‘బైపోలార్’ అనడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఓసీడీ అంటే వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే వచ్చే జబ్బు, బైపోలార్ అంటే అతి ఉత్సాహం, కుంగుబాటు విడతలుగా వచ్చే జబ్బు. నిజంగా ఆ జబ్బులతో బాధపడేవారు తమ కష్టం నలుగురికీ చులకన అని గ్రహించి మరింత మూసుకుపోతారు.

తిట్లకన్నా ఓదార్పుగా చెప్పే మాటలు ఎక్కువ హాని చేస్తాయని నా అభిప్రాయం. ‘నీకేం తక్కువ?’, ‘మనసు గట్టి చేసుకో’, ‘పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి’ అనే మూడు మాటలూ ప్రేమతో అన్నవే, కానీ మూడింటి వెనుకా ఇది నీ చేతకానితనమనే తీర్పు ఉంది. షుగరు ఉన్నవారిని మనసు గట్టి చేసుకోమని ఎవరూ చెప్పరు.

ఒక్కరితో మాట్లాడవలసి వచ్చినప్పుడు

ఒక మనిషి ఇదివరకటిలా లేరని తోటివారికి ముందే తెలుస్తుంది. భోజనానికి కలిసి రావడం మానేస్తారు, చిన్న మెయిలుకు గంట పడుతుంది, ఎప్పుడూ రాని తప్పులు వస్తాయి, సోమవారాలు సెలవులవుతాయి, కొందరిలో చిరాకు పెరుగుతుంది. ఇవి రెండు మూడు వారాలు వరుసగా కనిపిస్తే పలకరించడం మన బాధ్యత, జబ్బు పేరు తేల్చడం మాత్రం మన పని కాదు.

చోటు, సమయం జాగ్రత్తగా ఎంచుకోవాలి. అద్దాల క్యాబిన్‌లో కూర్చోబెడితే బయటున్న ఇరవైమందికీ ఏదో జరుగుతోందని తెలిసిపోతుంది. అప్రైజల్ ముందు వారంలో పలకరిస్తే అది విచారణలా ఉంటుంది. టీకి వెళ్లినట్టుగా బయటికి నడుస్తూ మాట్లాడటం మంచిది, ఎదురెదురుగా కూర్చోవడం కన్నా పక్కపక్కన నడిచేటప్పుడు నోరు తేలిగ్గా పెగులుతుంది. కనిపించినదాన్ని మాత్రమే చెప్పాలి. “రెండు వారాలుగా మీరు మాతో భోజనానికి రావడం లేదండీ, నిన్నటి కాల్‌లో కూడా బాగా అలసిపోయినట్టు అనిపించారు. పని గురించి అడగడం లేదు, మీరెలా ఉన్నారో తెలుసుకుందామని అడుగుతున్నాను” అంటే చాలు. ‘ఏం లేదు సార్, బానే ఉన్నాను’ అని జవాబు వస్తే వదిలేసి, ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే నేనున్నానని చెప్పి, వారం తరువాత మళ్లీ పలకరించాలి. చాలామంది రెండోసారే నోరు విప్పుతారు, ఎందుకంటే మొదటిసారి అడిగింది మర్యాదకా నిజంగానా అని వారు చూసుకుంటారు.

వారు చెప్పడం మొదలుపెట్టాక మనం చేయవలసింది వినడమే. మన మేనమామకూ ఇలాగే అయిందని కథ ఎత్తుకోకూడదు, యోగా గురించి సలహా ఇవ్వకూడదు. చివరగా, “ఆఫీసు వైపు నుంచి ఏది మారితే మీకు కాస్త వీలుగా ఉంటుంది?” అని అడగాలి. జవాబు ఒక్కోసారి చాలా చిన్నదిగా, షిఫ్టు గంట వెనక్కి జరపమనో, ఫలానా వారంవారం రివ్యూ నుంచి కొన్నాళ్లు తప్పించమనో ఉంటుంది.

బతకాలని లేదనో, అందరికీ భారమయ్యాననో అర్థమొచ్చే మాట వినిపిస్తే, చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా, మృదువుగా అడగండి. అలా అడిగినంతమాత్రాన లేని ఆలోచన పుట్టదు, అడిగినవారు దొరికారన్న ఊరట కలుగుతుంది. అవునంటే వారిని ఒంటరిగా వదలకండి, వారు నమ్మే మనిషిని పిలిపించండి, అవసరమైతే 108 లేదా 112కు ఫోన్ చేయండి. ఈ ఒక్క సందర్భంలో రహస్యం కన్నా ప్రాణం ముఖ్యం, అందువల్ల ఎట్టి పరిస్థితిలోనూ ఎవరికీ చెప్పనని ముందే మాట ఇవ్వవద్దు. ఆత్మహత్యాయత్నం జరిగితే పోలీసు కేసు అవుతుందని కుటుంబాలు భయపడి దాచే అలవాటు ఉంది. కానీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వారికి సంరక్షణ, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది.

2022 అక్టోబర్ 10న ప్రారంభమైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ నంబరు 14416. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరును నోటీసుబోర్డు మీద మాత్రమే కాక మరుగుదొడ్డి తలుపుల లోపలి వైపున కూడా అతికించండి. ఎవరూ చూడని చోట ఉన్న నంబరునే మనిషి ధైర్యంగా ఫోనులో ఎక్కించుకుంటాడు.

సెలవు, బీమా, రహస్యం

సెలవు దరఖాస్తులో ‘అనారోగ్యం’ అన్న ఒక్క మాట సరిపోయేలా నియమం మార్చించడం నా లెక్కలో అన్నిటికన్నా ఫలితమిచ్చే పని. అందరూ బయటపడి చెప్పుకోవాలని నేను కోరడం లేదు. చెప్పాలనుకున్నవారు చెప్పగలగాలి, వద్దనుకున్నవారికి అబద్ధమాడే అగత్యం ఉండకూడదు. డాక్టరు ఇచ్చిన పత్రాలు ఎన్ని చేతులు మారుతున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. టీమ్ లీడ్, అడ్మిన్, అకౌంట్స్ అంటూ నలుగురు చూస్తుంటే ఒకరికి తగ్గించండి. జబ్బుకు సంబంధించిన వివరాల గోప్యత అదే 2017 చట్టంలోని 23వ సెక్షను ఇచ్చిన హక్కు.

ఆ చట్టంలోని 21వ సెక్షను, శారీరక వ్యాధులకు ఇచ్చే పద్ధతిలోనే మానసిక వ్యాధులకూ వైద్య బీమా ఇవ్వాలని చెబుతోంది. మీ గ్రూప్ పాలసీ కాగితాలు తెప్పించి, బీమా వర్తించేది ఆసుపత్రిలో చేరితేనా, డాక్టరును కలిసిన ఫీజుకు కూడానా అన్నది చూసి అందరికీ చెప్పండి. మామూలుగా మానసిక వైద్యం ఆసుపత్రిలో చేరకుండానే జరుగుతుంది కాబట్టి ఈ తేడా ముఖ్యం. ఈఎస్ఐ పరిధిలోని కార్మికులకు తెలియని సంగతి మరొకటుంది. దీర్ఘకాల వ్యాధులకు ఇచ్చే పొడిగించిన అనారోగ్య ప్రయోజనం జాబితాలో స్కిజోఫ్రీనియా వంటి తీవ్ర మానసిక వ్యాధులు కూడా ఉన్నాయి, అర్హత ఉన్నవారికి వేతనంలో 80 శాతం చెల్లిస్తారు. పటాన్‌చెరు, జీడిమెట్ల లాంటి పారిశ్రామికవాడల్లో యూనిట్లు నడిపేవారు ఈ ఒక్క సమాచారాన్ని తెలుగులో అచ్చువేసి పంచినా ఒక కుటుంబం నిలబడుతుంది.

అవగాహన సమావేశం

ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైన అక్టోబర్ 10న ఏటా ఒక ఉపన్యాసం పెట్టి ఫోటోలు దిగడంతో ఏమీ కాదు. పెడితే తెలుగులో పెట్టండి, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాబ్ డ్రైవర్లనూ కూర్చోబెట్టండి, రాత్రి షిఫ్టులవారికి వీలైన వేళకు మరోసారి జరపండి. ప్రశ్నలు పేరు లేని చీటీల మీద ముందురోజే తీసుకోండి. నిమ్‌హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ) నిర్వహించిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది, అందులో అత్యధికులకు చికిత్స అందడం లేదు. అంటే వందమంది ఉన్న చోట సుమారు పదిమంది గురించి మాట్లాడుతున్నామని చెబితే గది నిశ్శబ్దమవుతుంది. ఉద్యోగుల్లో ఎవరినీ తమ అనుభవం చెప్పమని ఒత్తిడి చేయవద్దు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారిని కూడా ఒక రాత్రి ఆలోచించుకోమనండి, అన్న మాట వెనక్కి తీసుకోలేరు కదా.

ఒత్తిడిని పుట్టిస్తున్నది మన పని పద్ధతే అయితే ఏ ఉపన్యాసమూ పనికిరాదు. రాత్రి పదింటికి రివ్యూ కాల్ పెట్టి, పొద్దున ధ్యానం గురించి మెయిలు పంపే సంస్థను ఎవరూ నమ్మరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు పని పరిస్థితులను సరిదిద్దడాన్ని, మేనేజర్లకు శిక్షణ ఇవ్వడాన్ని కూడా సూచించాయి. బ్యాంకు శాఖలో టార్గెట్ల పట్టికలో చివరివారి పేరు ఎర్రరంగులో గ్రూపులో పెట్టడం ఆపడం, నెలాఖరు పనిని ముగ్గురికి పంచడం కూడా మానసిక ఆరోగ్య కార్యక్రమాలే.

తిరిగి వచ్చినవారికి

సెలవు ముగించుకుని వచ్చే మనిషి గేటు దగ్గరే వెనక్కి తిరుగుదామా అనుకుంటారు. రావడానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి, తోటివారికి ఏమని చెప్పాలో వారినే అడిగి, వారు చెప్పినంతే చెప్పండి. మొదటి పదిహేను రోజులు పని సగమే ఇవ్వండి, అయితే బొత్తిగా పనిలేకుండా కూర్చోబెట్టకండి, అది అవమానంగా తోస్తుంది. కొన్ని మందులవల్ల ఉదయం మగతగా ఉంటుంది కాబట్టి వచ్చే వేళ సడలించండి. బైపోలార్ సమస్య ఉన్నవారికి నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టవచ్చు కాబట్టి, డాక్టరు సరేననే వరకు రాత్రి షిఫ్టు వేయకండి. రోజూ ఆరోగ్యం గురించి గుచ్చిగుచ్చి అడగవద్దు. ముందు ఏ కుర్చీలో కూర్చునేవారో ఆ కుర్చీ, ఏ లాగిన్ ఉండేదో ఆ లాగిన్ సిద్ధంగా ఉంచి, మధ్యాహ్నం భోజనానికి పిలవండి.