బైపాస్ కుట్టు మానక రసి కారుతుంటే

సమస్య: ఆపరేషన్ అయి నెల దాటింది. కుట్టు పైకి మానినట్టే ఉంది, ఒక్కచోట మాత్రం చిన్న కన్నం పడి రసి ఊరుతోంది. జ్వరం లేదు. కల్చర్ (రసిలోని క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) చేయిస్తే ఏమీ పెరగలేదన్నారు. యాంటీబయాటిక్ మార్చినప్పుడల్లా నాలుగు రోజులు తగ్గి, మళ్ళీ మొదలు.

అమలాపురం దగ్గర మా ఊళ్ళో నాన్నగారికి అచ్చం ఇలాగే అయ్యింది. పొద్దున్నే కట్టు విప్పితే గాజుగుడ్డ మీద రూపాయి బిళ్ళంత పసుపు మరక. వాసన లేదు కదా అని ఆరు వారాలు ఊరుకున్నాం. అదే మేం చేసిన తప్పు.

కారణం: మామూలుగా కుట్టులో చేరేది స్టాఫిలోకాకస్ అనే క్రిమి. ఎర్రబడి, వాచి, చీము పట్టి త్వరగానే బయటపడుతుంది. నిదానంగా నడిచేవి వేరు. క్షయ క్రిమికి దాయాదులైన కొన్ని మైకోబ్యాక్టీరియాలు మట్టిలో, కుళాయి నీళ్ళలో కూడా బతుకుతాయి. మామూలు కల్చర్ రెండు మూడు రోజులకే ముగించేస్తారు. వీటిలో త్వరగా పెరిగేవాటికే వారం దాకా పడుతుంది. ఆపరేషన్ థియేటర్‌లో రక్తాన్ని చల్లబరిచి వెచ్చబెట్టే హీటర్ కూలర్ యంత్రం నీటి తుంపరల నుంచి చేరే కిమేరా అనే రకమైతే ఏళ్ళ తర్వాత కూడా బయటపడుతుంది.

మన వైపు వరి చేలల్లో, బురద నీళ్ళలో తిరిగేవాళ్ళకు, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళకు, మెలియాయిడోసిస్ అనే మట్టి క్రిమి జబ్బు కూడా అనుమానించాలి. ఆ క్రిమిని ల్యాబుల్లో సూడోమోనాస్ అనే వేరే క్రిమి అని పొరబడడం ఉంది.

పరిష్కారం: ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్ళండి. కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే శాంపిల్ తీయమనండి. పైపైన దూదిపుల్లతో అద్దింది చాలదు, లోపలి కండ ముక్క కావాలి. ఏఎఫ్‌బీ పరీక్ష (క్షయ జాతి క్రిముల్ని మైక్రోస్కోపులో వెతికేది), ఎక్కువ రోజులు ఉంచే కల్చర్ అడగండి. చేలో దిగారా, చెరువు నీళ్ళు తగిలాయా అన్నది దాచకుండా చెప్పండి.

నాన్నగారి కండ ముక్కలో ఈ మైకోబ్యాక్టీరియా అయిదో రోజున పెరిగింది. గాయం మళ్ళీ తెరిచి శుభ్రం చేసి, రొమ్ము ఎముకకు వేసిన తీగ ఒకటి తీసేశారు. తర్వాత నెలల తరబడి మందులు. మామూలు క్షయ మందులు వీటికి సరిపోవు, ఏది పనిచేస్తుందో ల్యాబులో తేల్చాకే డాక్టరు ఖాయం చేస్తారు. మెలియాయిడోసిస్ అయితే కనీసం 10 నుంచి 14 రోజులు సూది మందు, ఆపైన 3 నెలలో ఇంకా ఎక్కువో మాత్రలు.

ఇంట్లో గాయం మీద పసుపు అద్దకండి. కాలువ నీళ్ళు, చెరువు నీళ్ళు దగ్గరికి రానివ్వకండి.

దగ్గినప్పుడు రొమ్ములో టక్కుమని కదిలినా, బైపాస్ కోసం నరం తీసిన కాలు రొయ్యల చెరువులో తడిసి గంటల్లోనే వాచి బొబ్బలెక్కినా తెల్లారేదాకా ఆగొద్దు. అప్పటికప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి.